దూరం నుంచి తీసిన ఫోటో

ఆ రోజు పొద్దున ఆకాశం ఉతికి పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా కిందికి జారి ఉంది. ఎక్కడా ఎండ లేదు, నీడ లేదు. వాన పడేటట్టూ లేదు. మామూలు మనిషి అలాంటి పొద్దును చూసి మొహం ముడుచుకుంటాడు. ఫోటోలు తీసేవాడికి మాత్రం అది మంచి పొద్దు. వెలుతురు అన్నిటిమీదా ఒక్కలాగే పడుతుంది. తెల్ల చొక్కా తెల్లగా, నల్ల గొడుగు నల్లగా నిలబడతాయి.

అతను నీళ్ళ ట్యాంకు మెట్ల మీద సంచీ దించి, ఒకసారి పైకి చూసి తల ఊపుకున్నాడు. పక్కన రోడ్ల ఆఫీసరు ఫోను చెవిలో పెట్టుకుని ఎవరినో కసురుతున్నాడు. ట్యాంకు దగ్గర మొదలై బస్టాపు దాకా రోడ్డు తిన్నగా పోతుంది. దానికి ఒక పక్కన, దూరంగా, అంగళ్ళ వరస. మారు తాళంచెవులు చేసే బండి, దాని తరవాత గొడుగులు సంచులు బాగుచేసే నీలం పట్టా, పళ్ళ బండ్లు, పాత పుస్తకాల బల్ల.

"ఇక్కణ్ణించా సార్? కాస్త దగ్గరికి వెళ్దామా?" అన్నాడు అతను.

"ఇక్కణ్ణించే. మీది పెద్ద కెమెరా అన్నారు కదండీ? అంత దూరం అందదా?"

అందదా అన్న మాట గుచ్చుకుంది. అతను సంచీలోంచి పొడుగు లెన్సు తీశాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎడమ చేత్తో కింద పట్టి, కుడిచేత్తో కెమెరాకు ఆనించి తిప్పాడు. టిక్కుమని కూర్చుంది. మెడలో తువ్వాలు మడిచి మెట్ల కమ్మీ మీద వేసి, లెన్సును దాని మీద ఆనించాడు. వంగి కన్ను పెట్టాడు.

పెద్ద కెమెరా సుఖం కన్ను పెట్టినవాడికే తెలుస్తుంది. దూరాన చుక్కల్లా ఉన్న మనుషులు మొహాలతో సహా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. పళ్ళ మీద వాలిన ఈగ కూడా కనబడింది. అతను నెమ్మదిగా వరసంతా తడిమి, ఫోకసు నిలబెట్టడానికి ఒక మొహం కోసం వెతికాడు. నీలం పట్టా కింద వదిన దొరికింది. సొంత వదిన, లారీ నడిపే అన్న పెళ్ళాం. మోకాళ్ళ మధ్య గొడుగు ఇరికించుకుని, సూది పెదాల మధ్య పట్టుకుని, ఊచకు దారం చుడుతోంది. ఆ దారం కూడా కనబడుతోంది. అలవాటైన మొహం మీద కన్ను తొందరగా నిలుస్తుంది. అక్కడే ఫోకసు పెట్టాడు.

వెంటనే నొక్కలేదు. బస్సు కోసం ఆగాడు. బస్సు వచ్చి వరస పక్కగా దూరినప్పుడు, ఊపిరి బిగబట్టి నొక్కాడు. టకటకటకమని అరడజను పడ్డాయి.

కెమెరా వెనక అద్దంలో చూపిస్తే ఆఫీసరు ఫోను జేబులో వేసుకుని వంగాడు. మొహం విచ్చుకుంది.

"అబ్బో! చీమ దూరే సందు లేదు! ఏం కెమెరా అండీ ఇది!"

అతను నవ్వాడు. పొగిడింది కెమెరాను అనుకున్నాడు.

ఇంటికి వచ్చి, ముందుగదిలో బల్ల మీద పాత చీరముక్క పరిచి, కెమెరా సామానంతా విడదీశాడు. రబ్బరు బుడ్డితో గాలి ఊదాడు. మెత్తటి గుడ్డతో అద్దం మధ్యలోంచి అంచుకు గుండ్రంగా తుడిచాడు. బూజు పట్టకుండా పెట్టెలో వేసే, తేమ పీల్చే పొట్లాలు మార్చాడు.

"అయిందా నీ కూతురికి స్నానం?" అంది భార్య గుమ్మంలోంచి. "అయితే ఆ బల్ల ఇటివ్వు. కూరగాయలు నేలమీద కోస్తున్నాను రోజూ."

"తడి చెయ్యి దగ్గరికి తేకు."

"తెస్తానా! నన్ను వానలో వదిలేసి దానికి గొడుగు పట్టినవాడివి."

అది జరిగిన మాటే. ఆ కెమెరా ఇంట్లోకి వచ్చాక జనం అతన్ని సార్ అనడం మొదలుపెట్టారు. మసక గదుల్లో కూడా మొహాలు శుభ్రంగా పడుతున్నాయి. ఆఫీసులు పిలుస్తున్నాయి. కానీ బస్సులో దాన్ని ఒళ్ళోంచి దించడానికి లేదు. బంధువులు పిలిస్తే "వచ్చేప్పుడు అది తెచ్చుకో" అనేది ముందు, "మీ ఆవిడను తీసుకురా" అనేది తరవాత. వెళ్ళినచోటల్లా అందరూ కూర్చుంటే తను నిలబడాలి. మెడ నరం ఒకటి ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. ఎవరే పని చెప్పినా కాదనడానికి నోరు రాదు. అంత కెమెరా పెట్టుకుని ఊరికే కూర్చున్నాడంటారు.

"ఏం ఫోటోలు ఇవాళ?" అంది భార్య.

"రోడ్డు."

"రోడ్డుకు కూడా ఫోటోలేనా? పెళ్ళి సంబంధం చూస్తున్నారా దానికి?"

అతను ఫోటో తెరిచి చూపించాడు. ఆమె చెయ్యి చీరకు తుడుచుకుని దగ్గరికి వచ్చింది.

"అయ్యో, అక్క! సూది చూడు ఎంత బాగా కనబడుతోందో." కాసేపు చూసి మళ్ళీ అంది. "ఇదేంటి ఇంత ఇరుగ్గా ఉంది?"

"దూరం నుంచి లాగితే అలాగే పడుతుంది."

ఆమె వంకాయలు కోయడానికి లోపలికి వెళ్ళింది. అతను ఫోటో ఆఫీసుకు పంపేశాడు.

మర్నాడు కాక ఆ తరవాతి రోజు తాళాలాయన ఫోను చేశాడు. వరసలో మొదటి బండి ఆయనది. వయసు మళ్ళినవాడు, నోరు మళ్ళలేదు.

"ఏం లెన్సూ, మీ వదిన బొమ్మ గోడకెక్కింది. తొందరగా రా, దండ వెయ్యాలి."

అతను నవ్వుకుంటూనే వెళ్ళాడు. వరసకు ఎదురుగా, రెండు స్తంభాల మధ్య, ఇంటి గోడంత ఫ్లెక్సీ కట్టి ఉంది. తన ఫోటో. పైన ఎర్ర అక్షరాలు: ఈ రోడ్డు ఎవరిది? కింద చిన్న అక్షరాల్లో, ఆక్రమణలు తీసేస్తారనీ, చెప్పుకునేది ఉంటే ఎల్లుండి ఆఫీసులో విచారణకు రావాలనీ.

అతని నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

ఫోటోలో బండి మీద బండి ఎక్కి ఉంది. తాళాలాయన భుజం వదిన పట్టాకు తగులుతోంది. పుస్తకాల బల్ల బస్సు ముందు చక్రం కిందికి పోబోతున్నట్టుంది. ఆ గందరగోళం మధ్యలో వదిన మొహం ఒక్కటే అతి స్పష్టంగా, చెమటతో సహా, సూదితో సహా. దారి మూసేసింది ఈవిడే అని వేలు పెట్టి చూపించినట్టు ఉంది.

అతను అటు తిరిగి అసలు వరసను చూశాడు. తాళాల బండికీ నీలం పట్టాకూ మధ్య ఒక ఆటో తిప్పుకోవచ్చు. అంగళ్ళకూ రోడ్డుకూ మధ్య మనుషులు నడిచే బాట ఉంది. రోడ్డు మీద ఎదురెదురుగా రెండు బస్సులు పోతాయి. కాస్త ఎండ ఉన్నా ఒక్కో బండి నీడ కింద పడి, మధ్యలో ఖాళీలు తెలిసేవి. ఆ రోజు నీడ కూడా లేదు. మంచి పొద్దు అనుకున్నాడు.

స్కూటరు మీద పోయేవాడొకడు నెమ్మది చేసి, ఫ్లెక్సీని చూసి, వదినను చూసి, "ఏమ్మా, నడిరోడ్డంతా నీకే కావాలా?" అని అరిచి పోయాడు. ఆమె తల ఎత్తలేదు. సంచీకి జిప్పు కుడుతోంది. సూది గట్టి గుడ్డలోకి దిగనప్పుడు అరచేతి మొదలుతో నొక్కి తోస్తోంది.

"వదినా," అన్నాడు.

"రండి ఫోటోగ్రాఫరు గారూ. కూర్చోండి. ఫోటోలో లేదు గానీ ఇక్కడ చోటుంది."

"అదేం మాట వదినా?"

"ఎవరండీ వదిన? సంచీ ఏమన్నా కుట్టాలా? మీ కెమెరా సంచీ బరువుకి పట్టీ తెగిందా?"

"నేనేం మార్చలేదు. ఒట్టు. ఉన్నదే తీశాను. ఒక్క చుక్క దిద్దలేదు."

"అదే కదా నా ఖర్మ." ఆమె దారం పళ్ళతో తెంపింది. "దిద్ది ఉంటే దొంగ ఫోటో అని అరిచేదాన్ని. ఇప్పుడేమని అరవను? మొహం నాది. పట్టా నాది. మూతిలో సూది కూడా నాదే. పొద్దుణ్ణుంచి ఎంతమంది తిట్టిపోయారో తెలుసా? మీ అన్న ఫోను చేసి, నువ్వేం చేశావే అని నన్నడుగుతున్నాడు."

"ఇలా కడతారని నాకు తెలీదు."

"ఎందుకు తీయిస్తున్నారో అడగలేదా?"

అతను అడగలేదు. అందదా అని ఆఫీసరు అడిగాడు, అందుతుందని తను చూపించాడు. ఆ మాట ఎలా చెప్పాలి?

"నా బాధ వేరే ఉంది," అన్నాడు తాళాలాయన, ఆకురాయి పక్కన పెట్టి. "ఫోటోలో నేను ఆమె ఒళ్ళో కూర్చున్నట్టున్నాను. మా ముసలిది పొద్దున అన్నం పెట్టకుండా అడిగింది, ఎన్నాళ్ళనుంచి ఈ యవ్వారం అని."

పళ్ళ బండి ఆమె పకపక నవ్వింది. వదిన నవ్వలేదు. అతను అక్కడ ఇంకా కాసేపు నిలబడి, ఎవరూ పొమ్మనకపోయినా వెళ్ళిపోయాడు.

ఆఫీసులో రోడ్ల ఆఫీసరు కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"అద్భుతమండీ మీ ఫోటో. ఎన్ని నోటీసులు ఇచ్చినా రాని చలనం ఒక్క బొమ్మతో వచ్చింది."

"అది తీసెయ్యాలి సార్."

"ఎందుకు? ఏమన్నా కలిపారా అందులో?"

"లేదు సార్."

"మరింకేం?"

"దూరం నుంచి పొడుగు లెన్సుతో తీస్తే సార్, ఒకదాని వెనక ఒకటి ఎడంగా ఉన్నవి కూడా ఆనుకున్నట్టు పడతాయి. అక్కడ అంత ఇరుకు లేదు."

"ఆ సాంకేతికం నాకెందుకండీ?" ఆఫీసరు టీ కప్పు దగ్గరికి జరిపాడు. "కెమెరా చూసింది, చెప్పింది. మామూలు ఫోనుతో తీసిందైతే ఎవరో ఒకరు నమ్మం అనేవాళ్ళు. మీదాన్ని ఎవరు కాదంటారు? అందుకే కదా మిమ్మల్ని పిలిచింది. కొత్త వంతెన పని కూడా మీకే రాసి ఉంచాను. టీ చల్లారిపోతోంది."

ఈ ఆఫీసరుకు ముందే తెలుసు. ట్యాంకు మెట్ల మీద నిలబెట్టినప్పుడే తెలుసు. కోపం గొంతుదాకా వచ్చింది గానీ మాటగా మారలేదు. బుద్ధెరిగినప్పటినుంచీ అతనికి కోపం వస్తే మాట పోతుంది. టీ ముట్టకుండా లేచాడు. అంతవరకే చేతనైంది.

ఇంటికొస్తే భార్య బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె ఫ్లెక్సీ చూసి వచ్చిందని చెప్పులు విడిచిన తీరులోనే తెలిసింది. ఒకటి గుమ్మం ఇవతల, ఒకటి అవతల.

"ఇరుగ్గా ఉందని ఆ రోజే అన్నాను."

"అన్నావు."

"అని ఏం లాభం? నేనేదో కూరగాయలు కోసుకునేదాన్ని. అక్క మొహం ఎలా చూడను రేపు? మనింట్లో గొడుగులన్నీ ఆవిడ కుట్టినవే."

"ఇంకో ఫోటో తీస్తాను. దగ్గర్నుంచి. వెడల్పు లెన్సుతో. రోడ్డు ఎంత ఉందో అందరికీ తెలిసేటట్టు తీసి విచారణలో పెడతాను."

"తియ్యి," అందామె. "ఆ అంగడి పోయిందో, ఆ బల్ల మీద అది ఉండదు, లేదా ఈ ఇంట్లో నేనుండను."

మర్నాడు వెళ్ళాడు. పొట్టి లెన్సు పెట్టి, రోడ్డు అంచున మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరా నేలకు దగ్గరగా దించి తీశాడు. పక్కనించి వచ్చేపోయే బండ్లు హారన్లు కొడుతుంటే పట్టించుకోలేదు. చొక్కా మోచేతులు తారు నలుపయ్యాయి. అద్దంలో చూసుకుంటే రోడ్డు ముందరినుంచి విచ్చుకుంటూ పోయింది. అంగళ్ళు ఓ పక్కకు ఒదిగి చిన్నవై ఉన్నాయి. అతనికి గుండె తేలికైంది.

తాళాలాయనకు చూపించాడు. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు.

"ఓర్నాయనో! విమానం దింపొచ్చు. మా బండ్లు అగ్గిపెట్టెలైపోయాయి. ఇదెక్కడి రోడ్డురా?"

"ఇదే రోడ్డు."

"నేను ఇక్కడే ముసలాణ్ణయ్యాను. ఇంత రోడ్డు ఎప్పుడూ చూళ్ళేదు."

అతను కెమెరా ఆపేశాడు. వదిన ఫోటో చూస్తానని అడగలేదు.

విచారణ గదిలో పంకాలు తిరుగుతున్నాయి గానీ గాలి కింది దాకా రావడం లేదు. ముందు బల్ల వెనక పెద్దాఫీసరు కూర్చుంది. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతోంది. ఆమె పక్కన రోడ్ల ఆఫీసరు, చివర రాసుకునే గుమాస్తా. అంగళ్ళవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. వదిన పక్కన అతని భార్య కూర్చుంది. అతను వెనక వరసలో నిలబడ్డాడు.

పిలిస్తే వెళ్ళి కొత్త ఫోటో బల్ల మీద పెట్టాడు. పెద్దాఫీసరు కళ్ళజోడు పెట్టుకుని, పాతదాన్ని దాని పక్కకు జరిపింది.

"ఇవి రెండూ ఒకే రోడ్డా?"

"ఒకే రోడ్డు మేడమ్."

"తీసిందెవరు?"

"రెండూ నేనే."

"ఒకే కెమెరాతో?"

"అవును మేడమ్."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. రోడ్ల ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూశారు కదా మేడమ్. నీలం పట్టా ఆవిడ ఇతనికి సొంత వదిన. బంధుప్రీతితో రోడ్డు సాగదీశాడు. మొదటిది ఎవరికోసమూ తీసింది కాదు. అదీ నికార్సైన ఫోటో."

"మొదటిది మీకోసం తీశాను సార్," అన్నాడు అతను. ఈసారి మాట పోలేదు.

పెద్దాఫీసరు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది.

"నాకు ఒక్క మాట చెప్పండి. వీటిలో సరైనది ఏది?"

ఆ ప్రశ్నకు జవాబు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకున్నాడు. రెండోది అనాలి. అనబోతూ బల్ల మీదికి చూశాడు. రెండో ఫోటోలో వదిన ఒక మూల గోరంత ఉంది. అంచున పడ్డందుకు మనిషి పక్కకు సాగి, వంకరగా ఉంది. చెయ్యి ఎక్కడుందో, సూది ఎక్కడుందో తెలియదు. మొదటిదాంట్లో రోడ్డు లేదు. రెండోదాంట్లో ఆమె లేదు. వెనక కుర్చీల్లోంచి ఆమె తన వీపును చూస్తోందని అతనికి తెలుస్తూనే ఉంది.

"రెండూ కాదు మేడమ్."

ముందు పాత ఫోటో మీద వేలు పెట్టాడు.

"మొదటిదాంట్లో ఎడంగా ఉన్నవాటిని దగ్గరికి నొక్కేశాను. దూరాన మెట్ల మీద నిలబెట్టి తియ్యమన్నారు, తీశాను. రెండోదాంట్లో ఉన్నదాన్ని సాగదీశాను. అది నా అంతట నేనే. కెమెరా మంచిదే. తప్పు దానిది కాదు. రోడ్డు ఎంతుందో తెలియాలంటే టేపు పెట్టి కొలవండి."

"అంటే మీరిచ్చిన ఫోటోలు చూసి ఈ ఆఫీసు ఏదీ తేల్చుకోకూడదంటారు."

"రోడ్డు సంగతి, మేడమ్..."

"ఇవాళ రోడ్డు. రేపు గోడ. ఎల్లుండి వంతెన. ఎక్కడ ఏది నొక్కారో, ఏది సాగదీశారో మాకేం తెలుసు?" ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "రాయండి. తను తీసిన ఫోటోలు సాక్ష్యానికి పనికిరావని ఫోటోగ్రాఫరు స్వయంగా ఒప్పుకున్నాడు."

"అన్నీనా మేడమ్?"

"మీరు సంతకం పెడితే ఈ ఫోటో పక్కన పెడతాను. టేపు పెట్టి కొలిచేదాకా ఒక్క బండినీ ముట్టుకోరు. పెట్టకపోతే ఫోటో ఉన్నట్టే. రేపే పని మొదలవుతుంది."

గుమాస్తా కాగితం తిప్పి, కలం మూత తీసి ముందుకు జరిపాడు. ఈ ఊళ్ళో ఆఫీసులు, పత్రికలు, భూమి తగాదాలవాళ్ళు, అందరూ అతన్ని పిలిచేది ఒక్కందుకే. అతను తీస్తే నమ్ముతారని. ఆ కెమెరా కొన్నది దానికోసమే. రోడ్ల ఆఫీసరు కుర్చీలో కూర్చునే ఉంటాడు. తప్పుడు చోట నిలబెట్టినవాడికి సంతకం లేదు, నిలబడినవాడికే ఉంది. అతనికి ఆ కాగితాన్ని చింపి ఆఫీసరు మొహాన కొట్టాలనిపించింది.

వంగి సంతకం పెట్టాడు. కలం కాగితంలో దిగబడి చిన్న చిరుగు పడింది.

"ఆ ఫ్లెక్సీ సాయంత్రానికి దించేయించండి," అంది పెద్దాఫీసరు, తరవాతి కాగితం అందుకుంటూ.

గుమ్మం దగ్గర రోడ్ల ఆఫీసరు అతని పక్కగా వచ్చి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అండీ అన్నవాడు.

"ఇంత కెమెరా కొనుక్కుని ఇంకేం చేసుకుంటావయ్యా?" అన్నాడు మెల్లగా.

అతను ఆ మనిషి మొహాన్ని దగ్గర్నుంచి చూశాడు. చూసి, దాటుకుని బయటికి వచ్చాడు.

అంగళ్ళవాళ్ళు గుంపుగా నడిచారు. ముందు గెలిచినట్టు మాట్లాడుకున్నారు. తరవాత తాళాలాయన ఏదో అనబోయి, వెనక ఒక్కడూ వస్తున్న అతన్ని చూసి ఊరుకున్నాడు. వరస దగ్గరికి వచ్చాక ఎవరి బండి దగ్గరికి వాళ్ళు పోయారు. పళ్ళామె తన బండి మీద గోనె తీసి, నీళ్ళు చల్లుకుంటూ పనిలో పడింది.

వదిన పట్టా పైకెత్తి కట్టింది. కుట్టడానికి వచ్చిన సంచులు ఒక పక్కకు నెట్టి, పాత గోనె పరిచింది. అతని భార్య పొద్దున వండి తెచ్చిన గిన్నెలు మూత తీసింది. అన్నం, కూర. వదిన చెంబులో నీళ్ళు ముంచి చేతులు కడుక్కుంది. వేళ్ళకు అంటిన దారపు మైనం పోవడానికి ఇసుకతో తోముకుని మళ్ళీ కడుక్కుంది. కంచాలు పెట్టింది. తాళాలాయనకు ఒకటి, తోటికోడలికి ఒకటి, తనకు ఒకటి. నాలుగోది గోనె చివర పెట్టి, అటు చూడకుండా గరిటె అందుకుంది.

అతను కాసేపు రోడ్డు మీదే నిలబడ్డాడు. తరవాత చెప్పులు విడిచి, సంచీ భుజం నుంచి దించి, వెనకాల పట్టా గుంజకు ఆనించి, వచ్చి కూర్చున్నాడు.

ఎవరి కోపం వాళ్ళ దగ్గరే ఉంది. కూర చేతులు మారింది. తాళాలాయన పళ్ళు లేని పక్కను వదిలి నెమ్మదిగా నమిలాడు. భార్య మధ్యలో ఒకసారి అతని మోచేతికి అంటిన మరకను చూసి చూపు తిప్పుకుంది. అతను తల దించుకుని తిన్నాడు. పొద్దుణ్ణుంచి ఏమీ తినలేదని అప్పుడే తెలిసింది.

కంచం ఖాళీ అవుతుండగా వదిన అడక్కుండానే ఇంకో గరిటె అన్నం వేసింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.